తూర్పుకి పొంగిన పాలు

జ్యేష్ఠ శుద్ధ పాడ్యమి

ఈ పక్షం పోటు కాపలా మా వంతు. నీళ్ళు ఏ గీత దాకా లేచాయి, కట్టు తాళ్ళు ఎలా ఉన్నాయి, మా ఇళ్ళన్నీ తేలుతున్న ఈ పంటు అడుగున ఎక్కడైనా ఊట పడుతోందా, ఈ మూడే రాయాలని నిబంధన. కిందటి పక్షం రాసినాయన నిబంధనల మనిషి. ఆయన పేజీల నిండా "తాళ్ళు బాగున్నాయి" తప్ప ఇంకో ముక్క లేదు. నాకది చేతకాదు. పొద్దస్తమానం నీళ్ళకేసి చూస్తూ కూర్చున్న మనిషికి నీళ్ళొక్కటే కనిపించవు. ఇష్టం లేనివాళ్ళు నా పేజీలు తిప్పేసుకోవచ్చు.

నీళ్ళు: పొద్దుటి పోటుకి మూడో గీత దాటాయి. తాళ్ళు: పడమటి వైపు ఒక తాడు పీచు లేస్తోంది. ముడి విప్పి మళ్ళీ వేశాను. ఇంటికొచ్చాక భయమేసి, వెనక్కి వెళ్ళి ఇంకోసారి చూసుకున్నాను. ఊట: లేదు.

పంటు అడుగున లేదు గానీ మా ఇంటి గోడల నిండా ఉంది. దుప్పట్లు ఎన్ని పూటలు ఆరేసినా ఆరవు. డబ్బాలో ఉప్పు నీరైపోతుంది. మా జలజకి ఆరేళ్ళు. నీళ్ళ మీద పుట్టిందని ఆ పేరు పెట్టాం, అప్పుడు ముచ్చటగానే అనిపించింది. ఇప్పుడు ఆ చెమ్మంతా దాని ఛాతీలో చేరింది. పడుకోబెడితే దగ్గు, లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే కాస్త నయం. మొన్న వచ్చిన నర్సమ్మ దాని వీపుకి చెవి ఆనించి చాలాసేపు వింది.

"వానలు పట్టేలోపు పిల్లని పొడి గాలిలో పెట్టండమ్మా. ఈ పంటు మీద ఇంకో వానాకాలం అంటే ఓర్చుకోలేదు" అంది.

పొడి గాలంటే మంచె. ఎదురుగా, ఇనుప కాళ్ళ మీద, నీళ్ళకి అంత ఎత్తున వరసగా నిలబడి ఉన్నాయి మంచెలు. ఒక్కో మంచెకి ఎన్నో అంతస్తులు. సముద్రం పెరిగినప్పుడల్లా వాళ్ళ కాళ్ళు పెంచుకుంటారు. మన తాళ్ళు మనం వదులు చేసుకుంటాం. అక్కడ అద్దెకిచ్చేవాళ్ళు లేరు. ఉండాలంటే కొనాలి.

తదియ

పొద్దున్నే పిన్నిగారు పలికింది. పంటు నడుమ స్తంభానికున్న బూరలోంచి ఆవిడ గొంతు వస్తే పళ్ళు తోముకునేవాళ్ళు కూడా ఆగిపోతారు. మనిషి కాదని అందరికీ తెలుసు. ఊళ్ళు మునిగాక, లెక్కలు తేల్చడానికి పెట్టిన యంత్రం. కానీ గొంతు మాత్రం పేరంటానికి పిలవడానికొచ్చిన పిన్నిగారిదే.

"అందరూ బాగున్నారా తల్లీ? ఈ పూట పోటు మామూలే. సూర్యముఖి మంచెకి గిరాకీ బాగుంది. ధర ఇంకా పెరిగే సూచన. కొనదలుచుకున్నవాళ్ళు ఆలస్యం చేయకండమ్మా."

మా ఆయన గవర్రాజు నాచు సాగు చేస్తాడు. ఆ పూట తడి వలలు భుజాన వేసుకుని బూర కిందే నిలబడి విన్నాడు. లోపలికొచ్చి, "విన్నావా" అన్నాడు. విన్నానన్నాను. "మూడేళ్ళ కింద కొందామంటే ధర పడుద్ది ఆగమన్నావు. కిందటేడూ ఆగమన్నావు. ఆ ధరకి ఇప్పుడు మెట్లు కూడా రావు" అన్నాడు.

నిజమే, ఆగమంది నేనే. మా నాన్న ఆగకుండా కొన్నాడు. నా చిన్నప్పుడు, ధరలు ఆకాశంలో ఉండగా, అందరూ ఎగబడుతున్నారని తనూ ఎగబడి ఒక మంచె మీద ఇల్లు తీసుకున్నాడు. మేం సామాను సర్దుకునేలోపే దాని కాళ్ళు పెరగకుండా బిగుసుకుపోయాయి. ధర సున్నా అయింది. ఆ మంచె పేరు ఎవరైనా ఎత్తితే ఆయన తింటున్న కంచం ముందునించి లేచిపోయేవాడు. కొనడమంటే నాకు ఆ కంచమే గుర్తొస్తుంది.

పైగా పిన్నిగారు సముద్రాన్ని చూసి ధర చెప్పదు, మనల్ని చూసి చెబుతుంది. ఎవరు ఏ మంచె దగ్గర పడవ కట్టారు, ఎవరు ఎవరితో ఏమన్నారు, అన్నీ ఆవిడకి కావాలి. వంతు ముగిసిన సాయంత్రం ఈ పుస్తకాన్ని కూడా స్తంభానికున్న గాజు కంటి ముందు పేజీ పేజీ తిప్పి చూపించాలి. ధర పెరుగుతుందని మనం అనుకుంటే పెరుగుతుందని ఆవిడ అంటుంది. ఆవిడ అంది కదా అని మనం కొంటాం. ఇందులో సముద్రం మాట ఎవరు అడిగారో నాకు తెలియదు.

జలజ ఈ పూట దగ్గి దగ్గి పాలు కక్కేసింది. పాలు చూడటానికి వస్తామని సూర్యముఖికి కబురు పెట్టమన్నాను.

నీళ్ళు: మూడో గీత. తాళ్ళు బాగున్నాయి.

పంచమి

పూర్వం ఇల్లు కొన్నాక గృహప్రవేశం నాడు పాలు పొంగించేవారట. ఇప్పుడు కొనకముందే పొంగిస్తాం. పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళి, ఖాళీ ఇంట్లో పొయ్యి పెట్టి, కొత్త గిన్నెకి పసుపు రాసి, పాలు కాస్తాం. తూర్పుకి పొంగితే బయానా ఇస్తాం. ఉత్తరానికైతే ఆలోచిస్తాం. దక్షిణానికైతే మారుమాట్లాడకుండా పడవెక్కేస్తాం. సూర్యముఖి పేరు ఇంతగా మోగడానికి కారణం కూడా పాలే. అక్కడ ఎవరు పెట్టినా తూర్పుకే పొంగుతాయి, ఇంతవరకు ఒక్కరికీ తప్పలేదు.

మా తాయారక్క వాళ్ళు రెండేళ్ళుగా అక్కడే ఉంటున్నారు. వాళ్ళకి ఎదురిల్లు ఖాళీ అయిందని, వచ్చెయ్యమని ఎన్నాళ్ళగానో పిలుస్తోంది. మెట్ల దగ్గర మమ్మల్ని చూసి గబగబా దిగొచ్చి జలజని ఎత్తుకుంది. అక్క వంటి మీద చీర పొడిగా, గంజి పెట్టి ఉంది. నాకు ఈర్ష్య కలిగింది.

దళారి సోమరాజు గారు పొయ్యి, గిన్నె, ఆవుపాలు, తమలపాకులు అన్నీ ఆయనే తెచ్చాడు.

"మీరేం కంగారు పడకండమ్మగారూ. ఆయ్, ఇక్కడి పాలు మాట తప్పవండి" అన్నాడు.

పాలు పొయ్యి మీద పెట్టాక అందరం గిన్నె చుట్టూ వంగాం. నురుగు అంచు దాకా లేచింది, ఒక్క క్షణం ఆగింది, తూర్పు అంచు మీదుగా తెల్లగా దిగింది. అక్క చప్పట్లు కొట్టింది. మా ఆయన నీళ్ళు తిరిగిన కళ్ళతో నావైపు చూశాడు. అబద్ధమెందుకు, నాకూ ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ భయం ఆ కాసేపు ఎటో పోయింది.

పౌర్ణమిలోపు బయానా ఇవ్వాలని సోమరాజు గారు చెప్పాడు. ఓ వారం నిద్రలు చేసి చూసుకోండని అక్క మమ్మల్ని తన ఇంట్లో ఉండిపొమ్మంది. మా ఆయన పంటుకి వెళ్ళిపోయాడు. రేపటినించి తాళ్ళు ఆయన చూస్తాడు, నీళ్ళ సంగతి ఆయన చెప్పి పంపింది రాస్తాను. నమ్మితే నమ్మండి.

సప్తమి

జలజ దగ్గలేదు. మొదటి రాత్రి ఆ నిశ్శబ్దానికి హడలిపోయి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి మెత్తగా తగిలింది. రెండో రాత్రి నేనూ నిద్రపోయాను.

అక్క ఇంట్లో ఉప్పు డబ్బా వంచితే ఉప్పు పొడిపొడిగా రాలుతుంది. ఊరికే రెండుమూడు సార్లు చేతిలో పోసుకుని చూశాను. అక్క చూసి నవ్వింది. మా బావగారు సుబ్బారాయుడు మాత్రం పెద్దగా మాట్లాడడం లేదు. ఆయన ఎప్పుడూ అంతే అనుకున్నాను.

నీళ్ళు: రెండో గీతకి దిగాయట. తాళ్ళు బాగున్నాయట.

అష్టమి

జలజ బూరెలు కావాలంది. అది నోరు తెరిచి తిండి అడిగి ఎన్నాళ్ళయిందో. అక్క నీళ్ళ కోసం పై అంతస్తు ట్యాంకు దగ్గరికి వెళ్ళింది, నేను పూర్ణం చేసి, పొయ్యి కింద పిండి పడిందని పొయ్యిని పక్కకి లాగి తుడిచి మళ్ళీ పెట్టాను. మూకుడు పెట్టి నూనె పోశాను. బూరెలు వేస్తే తూర్పు వైపువి మునిగి తేలుతున్నాయి, పడమటి వైపువి సగం బయటే ఉన్నాయి. మూకుడు సర్దాను. నూనె మళ్ళీ తూర్పుకే పోయింది.

పొయ్యి ఆపి చూశాను. నేను లాగినప్పుడు దాని తూర్పు కాళ్ళ కిందనించి చెక్క ముక్కలు జారి గోడ వారకి పడి ఉన్నాయి. ఒక్కో కాలికి మూడేసి, ఒకదాని మీద ఒకటి పెట్టినవి. అడుగుది జిడ్డు పట్టి నల్లబడింది. నడిమిది గోధుమరంగులో ఉంది. పైది ఈ మధ్యే కోసింది, ఇంకా చెక్క వాసన వస్తోంది.

వాటిని యథాస్థానంలో పెడితే నూనె నిమ్మళంగా నిలబడింది. తీస్తే తూర్పుకి.

ఆ తర్వాత ఇల్లంతా చూశాను. నీళ్ళ కుండ కుదురు కింద చెక్క. మంచం తూర్పు కోళ్ళ కింద చెక్కలు. బీరువా కింద చెక్కలు, కనపడకుండా గుడ్డ కప్పి ఉంది. సోమరాజు గారు తన పొయ్యి తనే ఎందుకు తెచ్చుకున్నాడో అప్పుడు అర్థమైంది. ఆ పొయ్యి కింద ఏమీ లేదు. ఇక్కడ పాలు ఎవరు కాచినా తూర్పుకే పొంగుతాయి, నీళ్ళు పోసినా అటే పోతాయి. మేమందరం దండం పెట్టుకున్నది ఒరిగిపోతున్న నేలకి.

గుడ్డ మళ్ళీ కప్పేశాను. జలజ వచ్చి, "అమ్మా, బూరెలు అయ్యాయా" అంది. చెక్కలు పెట్టి, మిగతావి వేయించి ఇచ్చాను.

నవమి

మా అక్క ఇల్లు ఒక్కటే ఒరిగిందేమో అనుకోవాలని చూశాను. బెల్లం కావాలన్న నెపంతో ఆ వరస ఇళ్ళకి వెళ్ళాను, పై వరసకీ కింది వరసకీ వెళ్ళాను. అందరూ మంచివాళ్ళే. కూర్చోమన్నారు, మజ్జిగ ఇచ్చారు, పాలు తూర్పుకి పొంగాయటగా అని సంతోషించారు. నేను వాళ్ళ మాటలు వింటూ వంటిళ్ళలోకి చూశాను. అన్ని పొయ్యిల కిందా చెక్కలున్నాయి. ఒకావిడ నా చూపు ఎటు పోతోందో గమనించి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"ఎప్పుడు దిగుతన్నారమ్మా మరి?" అంది. ఆమె నవ్వుతూనే ఉంది గానీ కళ్ళలో బతిమాలడం ఉంది.

దశమి

అక్కని అడిగేశాను. బావగారు ఇంట్లో లేరు, జలజ వరండాలో ఆడుకుంటోంది.

"అక్కా, ఈ చెక్కలేంటి?"

అక్క చేతిలో చెంబు కింద పెట్టింది. "చూసేసేవా" అంది.

"ఎప్పట్నించి?"

"కిందటి కార్తీకం నించి. పౌర్ణమి పౌర్ణమికీ కాస్త దిగుతోంది. తూర్పు కాళ్ళు రెండూ బురదలో కూరుకుపోతన్నాయంట. అందరికీ తెల్సు. ఎవరూ పైకనరు."

"తెలిసే నన్ను రమ్మన్నావా?"

అక్క నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "కొత్త కాళ్ళు వేయిత్తారే. ఇంకా నాలుగిళ్ళు అమ్ముడవ్వాలి. ఆ డబ్బు ఒస్తే పని మొదలెడతామని మంచె సంఘం వోళ్ళు ఒట్టేసి చెప్పేరు. కాళ్ళు పడితే ఇంతకంటే మంచి మంచె లేదు. నిన్ను ముంచుదామని కాదు. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యమని."

"కాళ్ళు పడకముందే ఇది పడితే?"

"నీ కూతురు ఒచ్చినకాడ్నించి దగ్గలేదు. అది చూసేవా?" అంది అక్క.

చూశాను. అదే కదా నా బాధ. నాకు అక్క మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ ఆ చెయ్యి విదిలించుకోలేకపోయాను. అక్క చెయ్యి చల్లగా ఉంది. తను కూడా ఇన్నాళ్ళూ ఒక్కతే భయపడుతూ ఉందని అప్పుడు తెలిసింది.

ద్వాదశి

పంటు మీదికి వచ్చేశాం. వచ్చిన పూటే జలజకి దగ్గు మొదలైంది.

నీళ్ళు: మూడో గీత దాటి లేస్తున్నాయి. తాళ్ళు: అన్నీ చూశాను. రెండేసి సార్లు చూశాను. 

మా ఆయనకి అంతా చెప్పాను. నేను ఎదురుచూసినట్టు ఆయన నిర్ఘాంతపోలేదు. తల వంచుకుని విన్నాడు. చివరికి, "కొందాం" అన్నాడు.

"పడిపోయేదాంట్లో పిల్లని పడుకోబెడతావా?"

"ఇక్కడ పడుకోబెడితే ఏమవుద్దో నర్సమ్మ చెప్పలేదా? నాలుగిళ్ళలో ఒకటి మనం కొంటే మూడే మిగుల్తాయి. మనలాంటి వోళ్ళు కొంటేనే అది నిలబడేది."

"నిలబడకపోతే?"

"నీకు కొనాలన్నా భయమే, మానాలన్నా భయమే. నాకు మాత్రం లేదనుకున్నావా? ఏదో ఒక భయం ఎంచుకోవాలి రాజామణీ. రెండూ పట్టుక్కూచుంటే పిల్ల ఆగదు" అన్నాడు.

మా పెళ్ళయ్యాక ఆయన నాతో అంత గట్టిగా మాట్లాడింది లేదు. మా ఇద్దరి మధ్యా జలజ దిండుకి ఆనుకుని కూర్చుని, దగ్గు వచ్చినప్పుడల్లా మాకు వినపడకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. తన వల్లే పోట్లాడుకుంటున్నామని దానికి తెలిసిపోయింది.

చతుర్దశి

కొనేద్దామనే అనుకున్నాను. ఇది రాయకపోయినా ఎవరికీ తెలియదు, కానీ రాస్తున్నాను. పొద్దున లేచేసరికి మనసు గట్టి చేసుకున్నాను. వెనకటి పేజీలు చింపేద్దాం, నీళ్ళు, తాళ్ళు, ఊట మళ్ళీ నీటుగా రాసేద్దాం, మాకూ నాలుగు చెక్కలు కోయించుకుందాం అనుకున్నాను. పిన్నిగారు కూడా సూర్యముఖి ధర ఇంకా పెరిగిందని చెప్పింది. విన్న నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. మనిషి బుద్ధి ఎంత తొందరగా తిరుగుతుందో.

అప్పుడు సూరీడత్త వచ్చింది. మా పక్కింటావిడ, ఈ పంటు మీద అందరికంటే పెద్దది. తర్వాతి వంతు వాళ్ళదే. కొడుకు పడవ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు, ఇద్దరు మనవలు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"అమ్మాయ్, మేమూ నిన్న ఎల్లి పాలు చూసొచ్చేం. తూర్పుకే పొంగినియ్యి. రేపు బయానా. ఇక్కడి వాటా బేరం పెట్టేసేం."

కూర్చోమని పీట వాల్చాను.

"నాకు ముందు నమ్మకం లేదే. మీరు తీసుకుంటన్నారని తెలిసేకే ధైర్యం ఒచ్చింది. ముడేసిన తాడు మళ్ళీ ఎల్లి చూసుకునే మనిషివి నువ్వు. నువ్వే సరేనన్నావంటే ఇంకేం చూడక్కర్లేదని మా వోడితో అన్నాను."

నా పిరికితనాన్ని చూసి ఆవిడ ఇల్లు కొంటోంది. "అత్తా, కొనొద్దు. ఆ మంచె తూర్పుకి ఒరుగుతోంది. పాలు అందుకే అటు పొంగుతున్నాయి" అన్నాను. చెక్కల సంగతి చెప్పాను.

ఆవిడ నవ్వు మెల్లగా పోయింది. భయపడుతుందనుకున్నాను, కానీ కోపం వచ్చింది. "నీకు దక్కింది కదాని మాకు దక్కకూడదనా? మా మీద ఏడుపు ఎందుకే నీకు?" అని లేచి వెళ్ళిపోయింది. ఎంత పిలిచినా వెనక్కి చూడలేదు.

పౌర్ణమి

పొద్దుటి పోటుకే నీళ్ళు నాలుగో గీత మింగేశాయి. తాళ్ళు బిగిశాయి, వదులు చేశాను.

పడవ వేసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. పోటు నిండుగా ఉన్నప్పుడు సూర్యముఖి మూలుగుతుంది. ఇదివరకు నేను వచ్చింది తక్కువ పోటులో కాబట్టి వినలేదు. నీళ్ళ అడుగునించి, ఇనుములోంచి వస్తుంది ఆ మూలుగు. అది వినిపించినప్పుడల్లా వరండాల్లో ఉన్నవాళ్ళు గొంతు కాస్త పెంచి మాట్లాడతారు. ఆగగానే మళ్ళీ మామూలుగా మాట్లాడతారు. చంటిపిల్లలకి కూడా అలవాటైపోయింది.

సాయంత్రం పుస్తకం చూపించేస్తానని, ఈలోపు దిగి వచ్చెయ్యమని అక్కకీ బావగారికీ చెప్పాను. బావగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"నలుగురు కొంటే ఇది నిలబడుద్ది. నువ్వు చెప్తే ఎవరూ కొనరు, పడిపోద్ది. ఇందులో నలభై కుటుంబాలున్నాయే" అంది అక్క.

"సూరీడత్తకి ఇద్దరు మనవలు అక్కా."

"నాకు నువ్వొక్కదానివే చెల్లెలివి" అంది అక్క. ఏడవలేదు. అంతకంటే ఏడ్చి ఉంటే బాగుండేది.

సాయంత్రం స్తంభం దగ్గరికి వెళ్ళాను. మా ఆయన రాలేదు, అలాగని ఆపలేదు. గాజు కంటి ముందు పేజీ పేజీ తిప్పాను. అష్టమి దగ్గర నా చెయ్యి ఆగింది. తిప్పాను. చివరి పేజీ అయ్యాక పిన్నిగారు ఎప్పుడూ చేయని పని చేసింది, నాతో మాట్లాడింది.

"ఇది నీ కళ్ళతో చూశావా తల్లీ?"

"చూశాను."

"తప్పుగా చూసి ఉండొచ్చు కదమ్మా. చాలామంది నష్టపోతారు."

ఆ గొంతులో ఎంత ప్రేమ ఉందంటే, ఔను తప్పు చూశానేమో అనేద్దామనిపించింది. "సరిగ్గానే చూశాను" అన్నాను.

బహుళ పాడ్యమి

వంతు నిన్నటితో అయిపోయింది. సూరీడత్త వాళ్ళు ఇంకా పుస్తకం అందుకోలేదు, అందుకే నేనే రాస్తున్నాను. వాళ్ళు బయానా ఇవ్వలేదు. ఆవిడ నాతో మాట్లాడటమూ లేదు.

పొద్దున పిన్నిగారు పోటు వేళలు చెప్పింది. ఆఖర్న సూర్యముఖి సంగతి ఎత్తింది. "ఆ మంచెకి ఈ పూట ధర లేదు తల్లీ" అంది.

కాసేపటికి పడవలు దిగడం మొదలైంది. మంచాలు, బీరువాలు, పరుపులు. ఎవరూ అరవలేదు. మా పంటు పక్కనించి పోతూ నావైపు చూశారు. మజ్జిగ ఇచ్చిన ఆవిడ కూడా చూసింది. నేను తల దించుకోలేదు, ఎత్తుకోనూ లేదు. అక్క, బావగారు ఆఖరి పడవల్లో వచ్చారు. మా ఇంట్లో ఒక మూల సామాను పెట్టుకున్నారు. బావగారు వీపు తిప్పి పడుకున్నారు. అక్క గుమ్మంలో కూర్చుంది. అన్నం పెడితే వద్దనలేదు, తినలేదు. జలజ లోపల దగ్గుతోంది.

మధ్యాహ్నానికి మళ్ళీ పడవలు కనిపించాయి. ఈసారి అవి ఇటు రావడం లేదు, సూర్యముఖి వైపు పోతున్నాయి. ముందు ఎవరో మిగిలిన సామాను కోసం వెళుతున్నారనుకున్నాను. కానీ అవి ఇక్కడి పడవలు కావు. ఎక్కడో దూరపు పంటులవి, అతుకులు వేసిన పాత పడవలు. చాపలు, బొంతలు, కోళ్ళ గంపలు, పిల్లలు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి.

స్తంభం మీద బూర పలికింది. "సూర్యముఖి మంచెకి గిరాకీ మొదలైంది తల్లీ. ధర పెరిగే సూచన."

నేను పంటు అంచుకి పరిగెత్తాను. దగ్గరగా పోతున్న పడవలో ఒకామె తెడ్డు వేస్తోంది. ఆమె వీపున చీరతో కట్టిన పిల్ల దగ్గుతోంది. ఆ దగ్గు నాకు తెలుసు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా తెలుసు.

"అటు పోకమ్మా. అది ఒరుగుతోంది. పడిపోతుంది" అన్నాను.

ఆమె తెడ్డు ఆపలేదు. "తెల్సమ్మా. అందుకే కదా మాబోటోళ్ళకి అందింది" అంది.

నా వెనక మా ఆయన వచ్చి నిలబడ్డాడు. ఆయన కూడా ఆ పిల్ల దగ్గు విన్నాడు. పౌర్ణమి పోటు కంటే విదియ పోటు పెద్దది. అది రేపు.

పడవ దాటిపోతుండగా గుమ్మంలో కూర్చున్న అక్క లేచింది. పొద్దుటినించి ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడని మనిషి, అంచు దాకా వచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఆమెని కేకేసింది.

"పిల్లని పడమటి గదిలో పడుకోబెట్టుకో అమ్మా. తూర్పు గదిలోకి ఎల్లకండి."